సున్నాకొస్తే ఏమవుతుంది

ఆ రోజు ఉదయం వెంకటప్పయ్య వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. భవానీపురంలో ఇంట్లో టిఫిను తిని, దారిలో బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి, వెబ్‌సైట్లు తయారుచేసే తేజేశ్వర్‌తో ఓ పావుగంట మాట్లాడి, పదింటికల్లా పటమటలో కొట్టు తెరవాలి.

"పావుగంట చాలు," అంది భార్య బాలత్రిపురసుందరి పెసరట్టు ప్లేటులో వేస్తూ. "అక్కడ ఏదైనా చూసి ఇదేమిటి, అదేమిటి అని మీరు అడక్కుండా ఉంటే."

ఆమె భయానికి కారణముంది. వెంకటప్పయ్య పరువుగల చేనేత చీరల వ్యాపారి. పెడన, మంగళగిరి మగ్గాల మీద నేయించిన సరుకు పెట్టుకుని, పాతికేళ్ళుగా 'శ్రీబాలా చేనేత' అనే కొట్టు నడుపుతున్నాడు. తాగడు, పేకాడడు, ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడడు. ఉన్న బలహీనతల్లా ఒక్కటే. ఎక్కడైనా మీట కనిపిస్తే, అది నొక్కితే ఏమవుతుందో చూడకుండా ఉండలేడు. ఓసారి బావమరిదికి హెర్నియా ఆపరేషనయితే పలకరించడానికి ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన వేలాడుతున్న రిమోటు దేనికా అని నొక్కాడు. కుట్లతో వెల్లకిలా పడుకున్న బావమరిది మంచంతో సహా లేచి కూర్చుని, "బావా, ఇంటికొచ్చాక కలుద్దాంలే" అన్నాడు నీరసంగా.

తేజేశ్వర్ ఆఫీసు కళ్ళజోళ్ళ షాపు పైన ఒక చిన్న గది. మనిషి నెమ్మదస్తుడు, నిజాయితీపరుడు. వెంకటప్పయ్యను కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు.

"మీ వెబ్‌సైట్‌లో ఏమేం కావాలి సార్?"

"అసలు ఏమేం ఉంటాయి?"

ఆ ప్రశ్నతోనే పావుగంట కాస్తా పూటయింది. తేజేశ్వర్ ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయాడు. కొనేవాళ్ళు ఏదైనా అడిగితే దానంతటదే జవాబు చెప్పే చాట్ పెట్టె. తిప్పితే బహుమతి తగిలే చక్రం. ఈ క్షణాన ఎంతమంది చూస్తున్నారో చెప్పే అంకె. ప్రతిదానికీ వెంకటప్పయ్య "ఇది దేనికి?" అన్నాడు. ప్రతిదానికీ తేజేశ్వర్ సంగతి చెప్పి, చివర "మీకు అక్కర్లేదు సార్" అని కలిపాడు.

"అక్కర్లేదని పెట్టకుండానే ఎలా తెలుస్తుందయ్యా?"

"మామూలుగా చీరల షాపుకి అవసరం పడదండి."

"సరే, చక్రం వద్దు. ఆ జవాబులు చెప్పే పెట్టె ఉండనీ. ఆ కింద గిరగిరా మారుతున్న అంకెలేమిటి?"

"అది కౌంట్‌డౌన్ సార్. ఆఫర్ ఏదైనా ఉంటే, అది ఇంకెంతసేపట్లో అయిపోతుందో చూపిస్తుంది. రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు."

"ఆఫర్ లేకపోతే?"

తేజేశ్వర్ ఒక క్షణం ఆలోచించాడు. "లేకపోయినా లెక్కపెడుతుందండి."

వెంకటప్పయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. దేనికో తెలియకుండానే అంత శ్రద్ధగా వెనక్కి లెక్కపెట్టుకుపోయే వస్తువును ఆయన జీవితంలో చూడలేదు.

"సున్నాకొస్తే ఏమవుతుంది?"

"ఏదో వస్తుంది సార్. ఇది నేను వాడే రెడీమేడ్ వెబ్‌సైట్ నమూనాతో పాటు వచ్చింది. నేనెప్పుడూ చివరిదాకా చూళ్ళేదు."

"పెట్టెయ్."

"దేనికని పెట్టమంటారు?"

"దేనికైతే ఏంటి, పెట్టు. వచ్చే శుక్రవారం పదకొండింటికి సున్నాకొచ్చేలా చూడు. ఆ టైముకి నేను కాఫీ తాగుతుంటాను. తీరిగ్గా చూడొచ్చు."

ఆదివారం నాటికి వెబ్‌సైటు తయారైంది. పైన కొట్టు పేరు, కింద చీరల ఫోటోలు, మధ్యలో ఎర్రటి అంకెలతో గడియారం. వెంకటప్పయ్య మురిసిపోయి, తన ఫోన్లో ఉన్న గ్రూపులన్నిటికీ లింకు పంపించాడు. అపార్టుమెంటు వాళ్ళకి, మార్కెట్లో వ్యాపారులకి, చుట్టపక్కాలకి, చివరికి కాలువ గట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్ళ గ్రూపుక్కూడా.

చీరల గురించి ఎవరూ అడగలేదు. అందరూ గడియారం గురించే అడిగారు. అలా ఎవరడిగినా వెంకటప్పయ్య, తనకూ తెలియదు గనక, నిజంగా తెలుసుకుందామనే "మీరేమనుకుంటున్నారు?" అని ఎదురడిగాడు. విన్నవాళ్ళకి అది గుట్టు దాచేవాడి మాటలా తోచింది. ఇంకో ఊళ్ళో ఇంకో కొట్టు పెడుతున్నాడని కొందరు, సగం ధరకు అమ్మేస్తాడని కొందరు అనుకున్నారు. నడక గ్రూపులో ఒక పెద్దాయన మాత్రం, వెంకటప్పయ్యకు ఒంట్లో బాగుండటం లేదేమో కనుక్కోండి అన్నాడు.

ఇక్కడిదాకా అయితే నష్టం లేదు. సోమవారం సాయంత్రం గుడివాడలో ఉంటున్న రేణుక, బాలత్రిపురసుందరి అక్కకూతురు, ఆ చాట్ పెట్టె తెరిచింది. బాబాయే స్వయంగా జవాబిస్తాడనుకుని రాసింది: "బాబాయ్, కొట్టు మూసేస్తున్నారా?"

పెట్టె వెంటనే బదులిచ్చింది: "మీ విలువైన సూచనకు ధన్యవాదాలు. తప్పకుండా పరిశీలిస్తాం."

రేణుక కంగారుగా "పిన్నికి తెలుసా?" అని రాసింది.

"ఈ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి," అంది పెట్టె.

రేణుక ఆ రెండు జవాబులూ ఫోటో తీసి, పిన్ని పేరు మొదట పెట్టి, చుట్టాల గ్రూపులో వేసింది.

వెంకటప్పయ్య ఇంటికొచ్చేసరికి భార్య హాల్లో కూర్చుని ఉంది. టీవీ ఆడటం లేదు. అది మంచి సూచన కాదని ఆయనకు అనుభవం మీద తెలుసు.

"పాతికేళ్ళు కొట్లో పక్కన కూర్చుని చీరలు మడిచాను. మూసేసేటప్పుడు నాతో చెప్పాలనిపించలేదా?"

"మూసెయ్యటమేంటి?"

"గోప్యంగా ఉంచబడతాయట." ఆమె ఫోను ముందుకు తోసింది.

ఆయన చదివాడు. రెండోసారి చదివేటప్పుడు ముచ్చటపడ్డాడు కూడా. "ఎంత చక్కగా జవాబిస్తోందో చూశావా?" అన్నాడు. ఆ మాట ఆ సమయంలో అనవలసింది కాదు. ఆపైన దేవుడి పటం ముందు నిలబడి, కొట్టు మూసే ఉద్దేశం తనకు లేదనీ, ఆ జవాబులు తను రాసినవి కావనీ, గడియారం కేవలం ఊరికే పెట్టించాననీ ప్రమాణం చేయాల్సి వచ్చింది.

ఆమె నమ్మింది. నమ్మడానికి కారణం ప్రమాణం కాదు, ఆసుపత్రి మంచం.

"సరే, రేపే తీయించెయ్యండి దాన్ని."

"తీస్తే ఎలా? సున్నాకొచ్చాక ఏమవుతుందో ఇంక ఎప్పటికీ తెలీదు."

"ఆ అబ్బాయినడగండి."

"అతనికీ తెలీదట."

ఆమె విసుగ్గా లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమొస్తుందంటారు?" అంది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి మెట్ల మీద సంపూర్ణమ్మ కూర్చుని ఉంది. పెడనలో తన ఇంటి మగ్గాలతో పాటు ఆ వీధి మగ్గాలన్నీ నడిపించేది ఆమే. వెంకటప్పయ్య అమ్మే చీరల్లో సగం ఆమె నేయించినవే. మొదటి బస్సుకే వచ్చినట్టుంది, చేతిలో సంచీ కింద పెట్టలేదు.

"మూసేసే సంగతి నాతో ఒక్క మాట చెప్పకూడదా అన్నయ్యగారూ? మా కోడలు ఫోన్లో చూపిస్తే తెలిసింది."

"మూసెయ్యటం లేదమ్మా."

"మరి ఆ గడియారం?"

"ఊరికే పెట్టించాను."

"ఊరికే అయితే తీసెయ్యండి."

"అది... అంటే... చివర ఏమొస్తుందో చూద్దామని."

సంపూర్ణమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధమాడుతున్నాడో, మతి చలించిందో తేల్చుకోలేకపోయింది.

"దసరా సరుకు మగ్గాలెక్కింది. మీరు తీసుకోకపోతే మచిలీపట్నం షావుకారుకి ఇప్పుడే మాటివ్వాలి. అంతమంది పని, నా ఒక్కదాని సంగతి కాదు. శుక్రవారం దాకా ఆగుతాను. పదకొండింటికి ఇక్కడే ఉంటాను, నా కళ్ళతో చూస్తాను."

వెంకటప్పయ్యకు మొదటిసారి గుబులు పుట్టింది. వెంటనే తేజేశ్వర్‌కి ఫోన్ చేశాడు. అవతల సన్నాయి వినిపించింది.

"గడియారం తీసెయ్యవయ్యా."

"సార్, అవనిగడ్డలో ఉన్నానండి, మా అక్క పెళ్ళి. లాప్‌టాప్ ఆఫీసులో ఉంది. శుక్రవారం పొద్దున్నే వచ్చి తీసేస్తాను. పదకొండులోపే వస్తాను."

అంతటితో ఆగినా బాగుండేది. బుధవారం మధ్యాహ్నం కొట్టు ఉన్న బిల్డింగు ఓనరు రామకోటేశ్వరరావు వచ్చాడు. కంకిపాడు దగ్గర పొలాలున్న ఆసామి, మాట మెత్తన, నిర్ణయం గట్టి. ఆయన వెంట కొలత టేపు పట్టుకుని ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషి నమస్కారం పెట్టి, జరీ చీరల బీరువా నుంచి గుమ్మం దాకా కొలవడం మొదలుపెట్టాడు.

"ఈయన సాయిగణేష్ గారండీ. బేకరీ పెడతారు," అన్నాడు రామకోటేశ్వరరావు. "మీరు శుక్రవారం పదకొండింటికి ఖాళీ చేస్తున్నారుగా, వీళ్ళు పదకొండున్నరకి పాలు పొంగించుకుంటామంటున్నారు. మీ ముహూర్తం సెకన్లతో సహా పెట్టుకున్నారండీ. నేనింత నిష్ఠ ఎక్కడా చూళ్ళేదు."

"నేను ఖాళీ చెయ్యటం లేదండీ."

"చెయ్యటం లేదా? మరి గడియారం దేనికండీ?"

"ఊరికేనండీ."

"ఊరికే ఎవరైనా గడియారం పెడతారటండీ?"

కొట్లో పనిచేసే నాగవేణి చీర మడత ఆపి చూస్తోంది. సాయిగణేష్ ఓవెన్ ఎక్కడ పెట్టాలో గోడ వంక చూస్తూ ఆలోచిస్తున్నాడు.

"నేను మాటిచ్చేశానండీ ఆయనకి," అన్నాడు రామకోటేశ్వరరావు ఇబ్బందిగా. "మీరు వెళ్ళిపోతున్నారని మార్కెట్టంతా చెప్పుకుంటోంది. మీరేమో ఊరికే అంటున్నారు. ఏది నమ్మమంటారు?"

పాతికేళ్ళ కొట్టు కళ్ళముందే కేకుల కొట్టయిపోతుంటే వెంకటప్పయ్యకు నోటికొచ్చిన మాట ఒక్కటే. "పదకొండింటికి రండి. సున్నాకొచ్చాక మీకే తెలుస్తుంది."

అని, ఏం తెలుస్తుందో తెలియక, ఆ సాయంత్రమంతా ఫ్యాను కింద కూర్చుని చెమటలు తుడుచుకున్నాడు. ఎర్ర అంకెలు మాత్రం ఆయన గోడేమీ పట్టించుకోకుండా తగ్గుతూనే ఉన్నాయి. వాటిని చూస్తుంటే భయం వేస్తోంది. చూడకుండానూ ఉండలేకపోతున్నాడు.

శుక్రవారం పొద్దున పదిన్నరకే కొట్టు ముందు బళ్ళు పెట్టే చోటు లేకుండా పోయింది. కొనేవాళ్ళు వచ్చారు, పక్క కొట్ల వాళ్ళు వచ్చారు, నడక గ్రూపు మొత్తం వచ్చింది. ఒంట్లో బాగుండటం లేదేమో అన్న పెద్దాయన బత్తాయిలు కూడా తెచ్చాడు. గుడివాడ నుంచి రేణుక వచ్చి, పిన్ని చెయ్యి పట్టుకుని నిలబడింది. సంపూర్ణమ్మ కోడలితో సహా దిగింది. రామకోటేశ్వరరావు ఇస్త్రీ పంచెలో వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. సాయిగణేష్ కొత్త గిన్నె, పాల ప్యాకెట్లు, చిన్న గ్యాసు పొయ్యి తెచ్చి గుమ్మం పక్కన సర్దుకుని, ముహూర్తానికి ఆలస్యం కాకూడదని పొయ్యి ముందే వెలిగించాడు.

"మీరు కాస్త ఆగితే..." అన్నాడు వెంకటప్పయ్య.

"సన్నసెగ మీదే పెట్టానండీ, తొందరలేదు," అన్నాడు సాయిగణేష్ మర్యాదగా.

పదకొండుకి ఇంకా కొద్ది నిమిషాలుండగా తేజేశ్వర్ ఆటో దిగాడు. పెళ్ళిబట్టల మీద పసుపు మరకలు, జుట్టులో తలంబ్రాలు. జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చి, కౌంటరు మీద లాప్‌టాప్ తెరిచాడు.

"ఒక్క నొక్కు సార్. తీసేయమంటారా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ జనం లోపలికి తొంగిచూశారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అన్నిటిలోనూ అవే ఎర్ర అంకెలు. వెంకటప్పయ్య భార్య వంక చూశాడు. ఆమె తీయొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. సంపూర్ణమ్మ వంక చూశాడు. "ఇంత దూరం వచ్చాక తీస్తారేంటండీ?" అంది ఆమె. చివరికి సాయిగణేష్ కూడా మెడ చాచి, "ఉంచండి, చూద్దాం" అన్నాడు.

తీయించే ధైర్యం ఆయనకు లేకపోయింది. మనసు కూడా రాలేదు.

నిమిషాలు అయిపోయి సెకన్లు మిగిలాయి. అంకెలన్నీ సున్నాలయ్యాయి. తెర మొత్తం తెల్లబడింది.

"మూసేశారు," అన్నాడు సాయిగణేష్ నిదానంగా.

తెల్లటి తెర మధ్య ఒక చిన్న గుండ్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది. రంగురంగుల కాగితం ముక్కలు పైనుంచి రాలుతున్నట్టు బొమ్మ వచ్చింది. దాని కింద పెద్ద అక్షరాలు. రామకోటేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని అందరికీ వినిపించేలా చదివాడు.

"మీ నిరీక్షణ ముగిసింది. మేము తెరిచాం. లోపలికి రండి."

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ కొట్టు పాతికేళ్ళుగా తెరిచే ఉంది.

తేజేశ్వర్ వెంకటప్పయ్య చెవి దగ్గరకు వంగాడు. "ఈ నమూనా ఇంకా మొదలుపెట్టని షాపులకోసం చేసింది సార్. చివర మాటలు నేను చదవలేదు."

"మూసేస్తున్నారనుకుంటే తెరిచామంటున్నారేంటండీ?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"సోమవారం నుంచీ నేను చెబుతున్నది అదేగా," అన్నాడు వెంకటప్పయ్య. అలా అనగలిగినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"పాలు పొంగాయండీ," అంది నాగవేణి.

అందరూ ఫోన్ల మీదనుంచి తలెత్తారు. గుమ్మం పక్కన కొత్త గిన్నెలోంచి పాలు తెల్లగా పొంగి, తూర్పు వైపు నుంచి దిగి, పొయ్యి చుట్టూ పారుతున్నాయి. సాయిగణేష్ పరుగున వెళ్ళి పొయ్యి ఆర్పాడు గానీ, అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. రామకోటేశ్వరరావు కుర్చీలోంచి లేచి, చేతులు జోడించాడు.

"తెరిచాం అన్న మాటకి పొంగాయి. ఇంక నేను కాదంటే బాగుండదండీ. కొట్టు వెంకటప్పయ్య గారిదే."

"పాలు మావండీ," అన్నాడు సాయిగణేష్.

"గుమ్మం నాది. పైన రెండో అంతస్తు ఖాళీగా ఉంది, గాలీ వెలుతురూ బ్రహ్మాండంగా ఉంటాయి. చూపిస్తాను రండి."

సాయిగణేష్ మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి గిన్నె వంక చూశాడు. బాలత్రిపురసుందరి ఆ పాలు వృథా పోనివ్వకుండా లోపలికి తెచ్చి కాఫీ పెట్టించింది. లోపలికి రండి అని రాసి ఉంది గనక జనం లోపలికొచ్చారు. వచ్చాక ఊరికే నిలబడలేక చీరలు తీయించారు. సంపూర్ణమ్మ సంచీ పక్కన పెట్టి, తన మగ్గాల మీద నేసిన చీరలు తనే మడత విప్పి చూపించడం మొదలుపెట్టింది. మచిలీపట్నం మాట మళ్ళీ ఎత్తలేదు. బత్తాయిల పెద్దాయన మనవరాలికి ఒక చీర తీసుకుని, బత్తాయిలు మాత్రం ఇచ్చే వెళ్ళాడు.

సాయంత్రం సందడి తగ్గాక తేజేశ్వర్, భార్యాభర్తలు కౌంటరు దగ్గర కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పండి సార్. ఏమేం ఉంచమంటారు?"

వెంకటప్పయ్య నోరు తెరిచేలోగా బాలత్రిపురసుందరి అందుకుంది. "గడియారం తీసెయ్ నాయనా. ఆ జవాబులు చెప్పే పెట్టె అన్నిటికంటే ముందు తీసెయ్. చీరల ఫోటోలు ఉంచు, కొట్టుకెలా రావాలో ఉంచు, పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు పెట్టు. చీర కొనేవాళ్ళకి మనిషితో మాట్లాడితే గానీ తోచదు."

తేజేశ్వర్ హాయిగా ఊపిరి పీల్చుకుని ఒక్కొక్కటే తీసేశాడు. తీసేస్తున్న ప్రతిదాన్నీ వెంకటప్పయ్య ఊరికి పంపిస్తున్నట్టు చూశాడు. చివరికి నంబరు దగ్గరికొచ్చేసరికి ఆగలేకపోయాడు.

"ఆ ఒక్కటైనా నన్ను కొట్టనీవయ్యా."

భార్య, తేజేశ్వర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నంబరు కొడితే వచ్చే ప్రమాదమేమీ ఇద్దరికీ కనిపించలేదు. వెంకటప్పయ్య లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఒక్కో అంకె వెతుక్కుంటూ చూపుడువేలితో శ్రద్ధగా కొట్టి, కింద మీట నొక్కాడు. ఏమీ అవలేదు. అది ఆయనకు కొంచెం నిరుత్సాహం కలిగించింది.

నెల గడిచింది. వెబ్‌సైటు చూసి ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. ఇదంతా వట్టి దండగని వెంకటప్పయ్య తేల్చుకుంటుండగా, ఒక మధ్యాహ్నం బట్టతల పెద్దమనిషి కొట్లోకి వచ్చి, చుట్టూ కుతూహలంగా కలయజూశాడు.

"శ్రీబాలా చేనేత ఇదేనాండీ? మీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరు నాది. మొదట్లో రాంగ్ నంబరని పెట్టేసేవాణ్ణి. పోనీ ఏమడుగుతారో విందామని ఒకరోజు విన్నాను. అప్పట్నుంచి మానలేకపోతున్నాను."

ఆయన భవానీపురంలో పళ్ళ డాక్టరు. అప్పటికే నాలుగు చీరలకు మాటిచ్చాడు, ఒకావిడకు పసుపు రంగు నప్పదని కూడా చెప్పాడు.